రైలు కంపెనీ తరఫున నేను

ఆ బాండు పెద్దమనిషి మీద నాకు మొదటిరోజే ఒళ్ళు మండింది. ఎప్పుడో పంతొమ్మిదో శతాబ్దంలో, అమెరికాలో, ఒక రైలు కంపెనీ మీద కోర్టుకెక్కిన మనిషి. ఆయనే కాదు, ఆయన మనవలు కూడా ఎప్పుడో పోయి ఉంటారు. నాకూ ఆయనకూ ఏ సంబంధమూ లేదు. అయినా కువైట్‌లో, షర్క్ అనే పేటలో, మా లాయరు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని ఆయన కేసు చదువుతుంటే కుదురు ఉండేది కాదు. లేచి చాయ్ తెచ్చుకునేవాడిని, అది చల్లారిపోయేది. ఫోన్ తీసి చూసి మళ్ళీ పెట్టేసేవాడిని. చివరికి ఏ పనీ లేకపోయినా లిఫ్ట్ దిగి చేపల మార్కెట్ దాకా వెళ్ళి, ఏమీ కొనకుండా, చొక్కా తడిసిపోయి వెనక్కి వచ్చేవాడిని.

నేను ఆ ఆఫీసులో ఇంగ్లీషు గుమాస్తాని. విజిటింగ్ కార్డు మీద ఇంకేదో గొప్ప పేరుంటుంది గానీ చేసేది గుమాస్తా పనే. అరబ్బీ వ్యవహారమంతా లాయర్లు చూసుకుంటారు, ఇంగ్లీషులో ఉన్నదల్లా నా బల్ల మీదకి వస్తుంది. మా పెద్దలాయరు ఈజిప్టు ఆయన. మంచివాడే, కాకపోతే ఏ మాటా నిలబడి చెప్పడు, నడుస్తూ చెబుతాడు. ఆ వేసవిలో ఒక కంపెనీ మా దగ్గరికొచ్చింది. జనానికి బాండ్లు అమ్మి డబ్బు తెచ్చుకుంది, ఇప్పుడు చెప్పిన గడువుకి కట్టలేకపోతోంది. గడువు పొడిగించమంటే బాండ్లు కొన్నవాళ్ళు దాదాపు అందరూ సరేనన్నారు, ఒక్కడు మాత్రం ససేమిరా అన్నాడు. "ఇలాంటి తగువులు వెనకటికి రైలు కంపెనీల దగ్గర చాలా వచ్చాయి. పాత అమెరికా కేసులు తియ్యి. కంపెనీ తరఫున ఏం వాదించారో రాసివ్వు. యల్లా, త్వరగా" అని కారిడార్‌లో పోతూ పోతూ చెప్పి మాయమయ్యాడు.

అలా దొరికింది ఈ కేసు. కథ చిన్నదే. పట్టాలు వెయ్యడానికి రైలు కంపెనీకి డబ్బు కావాలి, బాండ్లు అచ్చేసి అమ్మింది. బాండంటే కంపెనీ రాసిచ్చిన ప్రామిసరీ నోటు అనుకోండి. కింద చిన్న చిన్న కూపన్లుంటాయి, ఆర్నెల్లకోసారి ఒకటి కత్తిరించి ఇస్తే వడ్డీ చేతిలో పెడతారు. కొన్నాళ్ళు బాగానే నడిచింది. తర్వాత పంటలు పోయాయి, బండ్లకు సరుకు లేదు, వడ్డీ ఆగిపోయింది. అప్పుడు కంపెనీ అందరినీ పిలిచి, పాత బాండ్లు ఇచ్చేస్తే తక్కువ వడ్డీతో, ఎక్కువ గడువుతో కొత్తవి ఇస్తామంది. అందరూ ఇచ్చేశారు. ఈ పెద్దమనిషి ఇవ్వలేదు. నా బాండు మీద ఏ తేదీ ఉందో ఆ తేదీకి నా డబ్బు నాకివ్వండని కూర్చున్నాడు.

రైలు కంపెనీ లాయరు వాదన చదువుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంజన్లు అమ్ముకుంటే పాత ఇనుము ధర వస్తుంది, నడిస్తేనే అందరికీ నాలుగు డబ్బులొస్తాయి అని ఆయన మొత్తుకున్నాడు. ఒక్కడి మొండితనానికి ఇంతమంది నష్టపోవాలా అని అడిగాడు. ఆ ముక్కలన్నీ నేను మహా ఉత్సాహంగా ఎత్తిరాసుకున్నాను. అంత ఉత్సాహం ఎందుకంటే, నాకూ ఒక రైలు కంపెనీ ఉంది.

నా రైలు కంపెనీ హవల్లీలో ఒక తెలుగు మెస్సు. ఒక వంటిల్లు, భోజనాల గది, క్యారియర్లు మోసే ఒక తెల్ల వ్యాను. నడిపేది మా కోనసీమ మనిషే. సొంత ఊళ్ళో ఎవరికి బావో నాకు తెలియదు, కువైట్‌లో మాత్రం గోదావరి వాళ్ళకీ కడప వాళ్ళకీ అందరికీ ఆయన బావగారే. అడక్కుండా కంచంలో ఇంకో చేప ముక్క వేసే రకం. ఆయన మెస్సుతో పాటు చీటీ కూడా నడిపేవాడు. నెలనెలా అందరం వాయిదా కట్టేవాళ్ళం. శుక్రవారం భోజనాలయ్యాక పాట జరిగేది. అవసరం ఉన్నవాళ్ళు కొంత తగ్గించుకుని పాడుకునేవారు, ఆ నెల సొమ్ము వాళ్ళది. డ్రైవర్లు, సేల్స్‌మన్లు, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు, నాలాంటి గుమాస్తాలు, అంతా బల్లలు గుద్ది గోల చేస్తూ పాడేవారు. అవసరం లేనివాళ్ళం మా చీటీని చివరిదాకా ఎత్తకుండా ఉంచుకునేవాళ్ళం. అది మా దాచుకోవడం.

చీటీ చివరికొచ్చేసరికి సొమ్ము లేదు. చివరి నెలల్లో అందరూ కట్టిన వాయిదాలన్నీ బావగారు మెస్సులో పెట్టేశాడు. కొత్త పొయ్యిలన్నాడు, వ్యానన్నాడు, ఒక పెద్ద క్యాంపుకి భోజనాలు పంపే కాంట్రాక్టు వస్తుందన్నాడు. కాంట్రాక్టు రాలేదు. అప్పుడు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రతిపాదన పెట్టాడు. ఒక ఏడాది ఎవరూ ఏమీ అడగకూడదు, ఆ తర్వాత మెస్సు లాభంలోంచి కొంచెం కొంచెంగా అందరికీ తీర్చేస్తాడు. ఒప్పుకున్నవాళ్ళు బొటనవేలు గుర్తు పెట్టాలి. చీటీ ఎప్పుడో ఎత్తుకుని వాడేసుకున్నవాళ్ళు, అంటే బావగారి దగ్గర్నుంచి పైసా రావలసింది లేనివాళ్ళు, అందరికంటే ముందు బొటనవేళ్ళు పెట్టారు. నేనూ పెట్టాను. నేనేం చెయ్యను మరి, పోలీసులకు చెప్పడానికి అదేమైనా లైసెన్సు ఉన్న చీటీనా? జాబ్రియాలో ఒక ఇంట్లో వంట చేసే రాయచోటి ఆవిడ ఒక్కతే పెట్టలేదు. వయసులో నాకంటే చాలా పెద్దది, నేను అక్కా అనేవాడిని. ఆమె గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ పెట్టింది: "నేను వచ్చే నెల ఖలాస్ పోతాండా. నా దుడ్లు నాకియ్యండి." ఖలాస్ అంటే వీసా రద్దు చేసుకుని మొత్తానికి ఇంటికి వెళ్ళిపోవడం.

మరుసటి సాయంత్రం బావగారు నన్ను వంటింట్లోకి పిలిచాడు.

"మీరు కోర్టోళ్ళు కదండీ, మీరు చెప్తే ఇంటదండి ఆవిడ. ఓ మారెళ్ళి నచ్చజెప్పండి బాబూ. ఆవిడ గానీ ఆళ్ళ మామా చెవిలో ఏసిందనుకోండి, నేను లోపలికెళ్తాను, మెస్సు మూతడిపోద్ది. అప్పుడు మీకూ నాకూ చిప్పే మిగులుద్దండి." మామా అంటే ఆమె పనిచేసే ఇంటి యజమానురాలు.

నేను వెళ్ళాను. ఒకరు బతిమాలారని కాదు, నా చీటీ కూడా అందులోనే ఇరుక్కుందని వెళ్ళాను. పైగా పగలంతా కంపెనీ వాదన రాసి రాసి నోరు దురదగా ఉంది, ఎవరి మీదైనా ప్రయోగించాలని.

ఆమె పనిచేసే ఇంటి పక్క గేటు దగ్గర సాయంత్రం పూట పైపు పట్టుకుని వాకిలి కడుగుతోంది. నన్ను చూసి నీళ్ళు కట్టేసింది.

"రా నాయనా. ఆయప్ప పంపిచ్చినాడా? మెల్లగా మాట్లాడు, మామా నిద్రపోతాంది."

నేను రైలు కథ చెప్పాను. బాగా చెప్పాననే అనుకుంటాను. పట్టాలు, ఇంజన్లు, బాండ్లు, అందరూ ఒప్పుకోవడం, ఒక్కడు మొండికెయ్యడం. మన మెస్సు కూడా ఆ రైలు లాంటిదే అక్కా, వ్యాను అమ్మితే ఎంతొస్తుంది, నడిస్తేనే మనందరికీ వస్తుంది, ఆగితే తప్పకుండా వస్తుంది అన్నాను. ఆమె గేటు చువ్వ పట్టుకుని మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నది.

"కొత్త బాండ్లు తీసుకున్న్యోళ్ళంతా ఆ దేశంలోనే ఉంటిరి గదా?" అంది.

"ఉండే ఉంటారక్కా."

"అదే నేను చెప్పేది. వాళ్ళు యాడికీ పోల్యా, ఆగినారు. నేను పోతాండానే. కండ్ల ముందర ఉన్నెప్పుడే ఇయ్యనోడు, నేను రాయచోటికి పోయినాంక పంపిస్తాడా? నువ్వే చెప్పు."

నేను మళ్ళీ ఇంజన్ల సంగతి ఎత్తబోయాను. ఆమె ఆగలేదు.

"మొదుటి దినం ఆయప్ప ఏమన్న్యాడు? ఖలాస్ పోయేవాళ్ళకి పాట ల్యాకుండా చీటీ ఇస్తా అన్న్యాడా లేదా? నువ్వు ఆడనే కూచోనుంటివి గదా."

అన్నాడు. అందరం విన్నాం. పాతికేళ్ళు ఎడారిలో ఉండి సర్దుకుని వెళ్ళిపోయే మనిషిని పాటలో నిలబెట్టి తగ్గించుకోమనడం మనుషులు చేసే పని కాదని ఆయనే మీసం దువ్వి మరీ చెప్పాడు. చీటీ మొదలుపెట్టేటప్పుడు చెప్పే మాటలు ఎంత తీయగా ఉంటాయో ఆ రోజు అలాగే ఉన్నాయి.

ఆమె రాయచోటి బస్టాండు దగ్గర ఒక చిన్న అంగడి మాట్లాడుకుంది. అది అద్దెకిచ్చే ఆయన ఆమె దిగేదాకా ఆగుతానన్నాడు, ఆ తర్వాత ఒక్కరోజు కూడా ఆగడు. పొద్దున్నే ఎర్రకారం దోసె వేస్తుందట, పప్పులపొడి వెయ్యకుండా దోసె మడవదట. "ఇన్నాళ్ళూ పరాయోళ్ళ పొయ్యి కాడ నిలబడింది చాలు. ఇంగ నా పొయ్యి కాడ నేను నిలబడల్ల" అంది. తర్వాత ఎందుకో గొంతు తగ్గించి, "మామాకి చెప్పేదాన్నయితే ఎప్పుడో చెప్పుందును నాయనా. ఆయప్ప పెండ్లాం బిడ్డలు నాకు తెలుసు" అంది. నాకు బావగారి మీద కోపం రావలసింది. రాలేదు. ఆమె మీదే చిరాకు వచ్చింది, ఎందుకంటే ఆమె మాటలో ఎక్కడా తప్పు దొరకలేదు. బస్సులో హవల్లీ దాకా ఆమెతో మనసులో వాదిస్తూనే వచ్చాను, స్టాపు దాటిపోయి వెనక్కి నడిచాను.

మర్నాడు ఆఫీసులో ఆ పాత కేసు తీర్పు దాకా చేరాను. అప్పటిదాకా కంపెనీ వాదన ఎత్తిరాసే తొందరలో తీర్పు చూడనే లేదు. కోర్టు బాండు పెద్దమనిషి పక్షానే నిలబడింది. తక్కినవాళ్ళు ఎంతమందైనా కానివ్వండి, వాళ్ళు ఒప్పుకున్నది వాళ్ళను కట్టేస్తుంది గానీ ఒప్పుకోని మనిషిని కట్టెయ్యదు. కంపెనీ ఇచ్చిన మాట అతని విషయంలో అలాగే ఉంది. న్యాయమూర్తి ఇంతకంటే చాలా పొడుగ్గా చెప్పాడు, సారాంశం ఇదే. నేను కుర్చీ వెనక్కి తోసి లేచి నిలబడ్డాను. తర్వాత మళ్ళీ కూర్చుని కింద ఏమైనా ఉందేమోనని వెతికాను. గెలిచాడు సరే, డబ్బు చేతికొచ్చిందా? అది ఎక్కడా లేదు. తీర్పుతో రిపోర్టు అయిపోయింది. కోర్టులకి ఎవరు ఒప్పు అన్నదే కథ, ఎవరి జేబులో ఏం పడింది అన్నది కాదు. మా పెద్దలాయరుకి చూపిస్తే నడుస్తూనే చదివి, "ఇది మనకెందుకు? వేరేది చూడు" అని నా చేతిలో పెట్టేశాడు.

ఆ శుక్రవారం మెస్సులో భోజనాలయ్యాక అందరినీ కూర్చోబెట్టాడు బావగారు. బల్లలు తుడిచారు. ఆమె నల్ల అబాయా వేసుకుని తలుపు పక్క కుర్చీలో కూర్చుంది. బావగారు నా వైపు చూశాడు. నేను లేచి అవే మాటలు మళ్ళీ చెప్పాను, ఈసారి గొంతులో పస లేదు. అందరూ ఒప్పుకున్నారు, మెస్సు నడుస్తోంది, ఏడాది ఆగితే అందరికీ వస్తుంది. తీర్పు సంగతి మాత్రం చెప్పలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. "మేవంతా ఆగట్లేదేంటండీ" అన్నాడొకాయన. ఆయన చీటీ ఎత్తుకుని కారు కొనుక్కున్న మనిషి.

ఆమె నన్నే చూస్తూ లేచింది.

"ఆగితే వస్తాదా నాయనా?"

"వస్తుందక్కా."

"మొత్తం వస్తాదా?"

"వస్తుంది."

"అయితే మీరందురూ ఆగేవాళ్ళే గదా, నేనొక్కదాన్నే గదా పోయేది. నా చీటీ ఎవురన్నా తీసుకోండి. నేను కట్టింది నాకిచ్చేసి, ఏడాది ఆగి మొత్తం మీరే తినండి, లాభం గూడా మీదే. ఇద్దో, పాట పెడతాండా. పాడండి."

ఎవరూ ముందు అర్థం చేసుకోలేదు. తర్వాత అర్థమైంది. ప్రతి శుక్రవారం అదే గదిలో బల్లలు గుద్దుతూ, ఒకరి మాట మీద ఒకరు పడుతూ పాడినవాళ్ళం. ఒక్కరికీ నోరు పెగల్లేదు. ఆమె పాట పెట్టేవాళ్ళు ఎలా నిలబడతారో అలాగే నిలబడి ఒక్కొక్కరి మొహం చూసింది.

"సరే, పావలా భాగం తగ్గిస్తాండా. ఎవురు?"

కారాయన కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయనకు మాత్రం ఆ కిటికీలోంచి ఎదురింటి ఏసీ తప్ప ఇంకేం కనిపిస్తుంది?

"సగానికి?"

సగానికి! ఆమె ఎన్నేళ్ళో వంటింటి వేడిలో నిలబడి కట్టిన దాంట్లో సగం. అది కూడా ఎవరికీ వద్దు. బొటనవేళ్ళు పెట్టినవాళ్ళం అందరం అక్కడే ఉన్నాం. బావగారి మెస్సు విలువ మాకందరికీ ఎంత బాగా తెలుసో అప్పుడు బయటపడింది. అది నిజంగా నిలబడుతుందని మాలో ఒక్కడికి నమ్మకం ఉన్నా ఆ చీటీని ఎగరేసుకుపోయి ఉండేవాడు. మాకు నమ్మకం లేదు. ఆమె నమ్మాలని మాత్రం కోరుకున్నాం. నాకు చెవులు వేడెక్కిపోయాయి.

బావగారు ఆ సమయంలో ఫోన్ తీశాడు. నిజంగా ఏదైనా వచ్చిందో, ఊరికే తీశాడో తెలియదు. బొటనవేలితో తెర పైకి తోస్తున్నాడు. అది చూసి నాకు పిచ్చి కోపం వచ్చింది.

"నేను తీసుకుంటాను. తగ్గించక్కర్లేదు. నువ్వు కట్టినది కట్టినట్టు ఇస్తాను" అన్నాను.

ఇందులో నా మంచితనం ఏమీ లేదని ఇప్పటికీ చెబుతాను. కోపంలో నోరు జారింది, అంతే. కూర్చోగానే మొదట వచ్చిన ఆలోచన, కనీసం పావలా భాగమైనా తగ్గించుకుని అనాల్సిందని. గదిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు, ఎవరో టీ పెట్టమన్నారు. బావగారు వచ్చి నా భుజం తట్టి "మీకు మెస్సు మీద ఎంత నమ్మకమండీ బాబూ" అన్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి కూడా. నేను ఆయన చెయ్యి తీసేశాను.

ఆ సాయంత్రం ఇంటికి ఫోన్ చేసి ఈసారి సెలవుకి రావడం లేదని చెప్పాను. ఏమైందని మా ఆవిడ అడిగింది. మొత్తం చెప్పాను, రైలు కంపెనీతో సహా. ఆవిడ "కిందటి సెలవుకీ రాలేదు. మీరు ఆ కోర్టు కథలు చదవడం మానెయ్యండి ముందు" అని పెట్టేసింది. నేను బాల్కనీలోకి వెళ్ళాను, లోపలికొచ్చాను, మళ్ళీ వెళ్ళాను.

ఆమె బయల్దేరే ముందు ఒకరోజు డబ్బు పట్టుకుని జాబ్రియా వెళ్ళాను. అదే పక్క గేటు. ఆమె కవరు తీసుకుని, అక్కడే లెక్కపెట్టి, జాకెట్లో దోపుకుంది. నేను కాస్త మెచ్చుకోలు ఆశించానేమో, నవ్వుతూ నిలబడ్డాను.

"నువ్వు ఆ మెస్సును నమ్మి ఇయ్యలేదు నాయనా" అంది.

"లేదక్కా."

"నా మింద జాలిపడి గూడా ఇయ్యలేదు."

నేను నవ్వడం మానేశాను.

"సిగ్గుపడి ఇచ్చినావు. పర్లేదు, సిగ్గున్నోడివి. అంతమందిలో నీకొక్కనికే ఉండె." గేటు చువ్వల్లోంచి చెయ్యి పెట్టి నా తల మీద ఒకసారి నిమిరింది. "ఇంగ నువ్వు జాగర్త. ఆయప్పని వదలొద్దు. దినామ్ అడుగు. అడక్కపోతే ఇయ్యరు." లోపల్నుంచి ఎవరో పిలిచారు. "జాయా మామా, జాయా" అని, వస్తున్నానని అరబ్బీలో అరిచి, చెయ్యి వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు ఆ మెస్సులో రెండు చీటీలు నావి. ఆమె చెప్పినట్టు రోజూ అడగలేను, నాకు అంత ధైర్యం లేదు. కానీ పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళే ముందు ఆ సందులోకి తిరుగుతాను. క్యారియర్లు ఎన్ని ఎక్కిస్తున్నారో చూస్తాను, తగ్గినట్టనిపిస్తే ఆ రోజంతా మనసు మనసులో ఉండదు. వ్యాను ఈమధ్య ఒక పట్టాన స్టార్టవడం లేదు. డ్రైవరు తాళం తిప్పుతాడు, అది దగ్గుతుంది, ఆగిపోతుంది. ఇంకోసారి తిప్పుతాడు. ఏడాది ఆగితే ఏం పోతుందని అందరికీ చెప్పినవాడిని, అది కదిలి సందు మలుపు తిరిగేదాకా అక్కడినుంచి అడుగు వెయ్యలేను.